‘తాడు వదులు’ అన్న మాట గురించి

మార్చి పదకొండు, మంగళవారం. సాయంత్రం ఏడు గంటలు. పోలీసు స్టేషను, లోపలి గది.

నా పేరు, చిరునామా రైటరుగారు రాసిన మొదటి కాగితంలో సరిగ్గానే ఉన్నాయి. వయసు డెబ్బై ఒకటి. ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఆ మొదటి కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. అందులో నా మనవరాలు “తాడు వదలమని కేక వేసినది” అని ఉంది. నేను అలా చెప్పలేదు. అందుకని ఇన్‌స్పెక్టరుగారి అనుమతితో నా చేత్తో నేనే రాస్తున్నాను. మనవరాలు బయటి గదిలో బల్ల మీద కూర్చుని ఉంది. ఆ ఒక్క వాక్యం అలాగే ఉంటే రేపు పిల్ల మీద కేసు అవుతుందని ఇన్‌స్పెక్టరుగారు చెప్పారు.

మనవరాలంటే నా కూతురి కూతురు. ఇరవై మూడేళ్లు. పడవ నడిపే లైసెన్సు కోసం నేర్చుకుంటోంది. తెరచాప పడవను ముందుకు నడపడం, మలపడం వచ్చు. వెనక వైపు నుంచి గడిలోకి చేర్చి కట్టడం రాదు. రేవులో పడవలు ఒక్కొక్కటి ఒక్కో గడిలో, పక్కపక్కనే నిలిపి ఉంటాయి. మా గడికి ఒక పక్క మనుషులు నడిచే చెక్క జెట్టీ, రెండో పక్క వేరే వాళ్ల పెద్ద పడవ. ఆ సందులోకి ఇంజిను మీద వెనక్కి రావాలి. కారుకైతే బ్రేకు ఉంటుంది. దీనికి లేదు.

నేర్పేది రేవు మాస్టారు. నోటి దురుసు లేని మనిషి. “వెనక్కి వచ్చే పడవ అత్తగారి లాంటిదమ్మా. చెప్పింది వెంటనే వినదు, వినడం మొదలుపెడితే ఆగదు” అని నవ్వించేవారు.

“అత్తగార్లు ఇక్కడే ఉన్నారు మాస్టారూ” అన్నాను నేను.

“ఉండనివ్వండి, మీ భయానికైనా పడవ మాట వింటుందేమో” అన్నారు.

ఆయన మొదటి పాఠం కూడా రాయాలి. “చుక్కాని ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లది. అర్థం అడుగుతూ కూర్చోకూడదు, ముందు చేసేయాలి.” ఈ పాఠం నా ఎదుటే చెప్పారు.

ఈ రోజు పొద్దున పదిన్నరకు గాలి ఎక్కువగా ఉంది. జెట్టీ వైపు నుంచి పక్క పడవ వైపుకు వీస్తోంది. ఆ పక్క పడవ అంచున రంగులేసే అతను కూర్చుని, కాళ్లు బయటికి వేలాడేసి, వంగి గీత వేస్తున్నాడు.

“బాబూ, కాసేపు లేస్తావా? మేం లోపలికి రావాలి” అన్నారు మాస్టారు.

“ఇంకొక్క బారెడు మాస్టారూ. మధ్యలో ఆపితే అతుకు కనబడుతుంది. మా మేస్త్రీ నా తోలు వలుస్తాడు.”

“సరే, చూసుకో మరి.”

నేను అతని కాళ్ల వైపు చూశాను. నాకు భయం వేసింది. పైకి అనలేదు.

మాస్టారు జెట్టీ మీదికి దిగారు. పడవ వెనక భాగానికి కట్టిన తాడు రెండో కొస ఆయన చేతిలో ఉంది. జెట్టీ మీద ఇనుప గుంజ ఉంది. తాడును దానికి ఒక చుట్టు తిప్పి, పడవ వస్తున్నకొద్దీ బిగించాలి. ఆ తాడు బిగువుగా ఉన్నంతసేపు గాలి పడవను పక్క పడవ మీదికి తోయలేదు. చుక్కాని మనవరాలి చేతిలో ఉంది. నేను దాని పక్కన, పడవలు ఒరుసుకోకుండా అడ్డం పెట్టే రబ్బరు బుడగ పట్టుకుని నిలబడ్డాను.

పడవ సగం లోపలికి వచ్చింది. తాడు మధ్యలో జారి నీళ్లను తాకింది. పడవ వెనక భాగం పక్కకు జరగడం మొదలైంది. అప్పుడు నా మనవరాలు అరిచింది. అది అరిచిన మాటలు ఇవి, ఒక్క అక్షరం తేడా లేదు: “తాడు వదులు మాస్టారూ, తాడు వదులు!”

మాస్టారు తాడు వదిలేశారు. వదిలేసి, చేతులు కడుక్కున్న పిల్లవాడు అమ్మకు చూపించినట్టు రెండు అరచేతులూ తెరిచి చూపించారు. నాకు ఇప్పటికీ ఆ చేతులే కనబడుతున్నాయి.

పడవ పక్కకు తిరిగింది. మనవరాలు గేరు ముందుకు మార్చింది. అది చేయవలసిన పనే. కానీ పడవ ఆగలేదు. “కాళ్లు తీయండి, అన్నా, కాళ్లు తీయండి” అని అరిచింది. నా వైపు తిరిగి, “అమ్మమ్మా, బుడగ పెట్టు” అంది. పెట్టాను. అతని కుడి కాలు ఉన్న చోటికి జానెడు ఇవతల పెట్టాను. ఇది నన్ను ఎవరూ అడగలేదు, అయినా రాయాలి. అతను ఒక కాలు తీసుకున్నాడు. రెండోది తీసుకోలేకపోయాడు.

అతను కేక వేయలేదు. “నా బ్రష్షు, నా బ్రష్షు” అన్నాడు. బ్రష్షు నీళ్లలో తేలుతోంది. తర్వాత తల వాల్చేశాడు. ఆసుపత్రిలో ఆపరేషను అయిందని, ఇంకా మాట్లాడటం లేదని కానిస్టేబులు చెప్పాడు.

మొదటి కాగితం చదివి నేను అభ్యంతరం చెప్పినప్పుడు జరిగిన మాటలు:

“వదులు అన్నా వదలమని అన్నా రెండూ ఒకటే కదమ్మా?” అన్నారు రైటరుగారు.

“కాదు నాయనా. మీ బెల్టు వదులు అని నేనంటే విప్పేస్తారా?”

ఆయన బెల్టు వైపు చూసుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు నవ్వు ఆపుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

నా మనవరాలు తాడు బిగువు తప్పిందని చెప్పింది, లాగమని దాని ఉద్దేశం. మాస్టారు దాన్ని వదిలేయమన్న ఆజ్ఞగా విన్నారు. ఆయన అబద్ధం ఆడటం లేదు. చెవికి రెండూ ఒకటే. తన పాఠం ప్రకారం అర్థం అడగకుండా చేసేశారు.

కానీ మాస్టారిని అది ఏనాడూ ‘నువ్వు’ అనలేదు. పట్టుకోండి, తిప్పండి, ఉండండి అనే అంటుంది. వదిలేయమని చెప్పాలనుకుంటే “వదలండి” అనేది.

దానికి ఇన్‌స్పెక్టరుగారు, “ప్రాణం మీదికి వచ్చినప్పుడు మర్యాదలు ఎవరికి గుర్తుంటాయి అమ్మగారూ?” అన్నారు.

ఒకవేళ ఆయన అన్నదే నిజమైతే? భయంలో అది మాస్టారిని ‘నువ్వు’ అనేసి ఉంటే? మనవరాలు కాబట్టి నేను అర్థాన్ని అటు లాగుతున్నానా? అప్పుడు తర్వాతి కేకలు గుర్తొచ్చాయి. రంగులేసే అతన్ని అది అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అతని కాలు నలగబోతున్న క్షణంలో కూడా “తీయండి” అంది. అదే గుక్కలో నన్ను “పెట్టు” అంది. ఎవరితో ఎలా మాట్లాడాలో అది ఆ భయంలోనూ మరిచిపోలేదు. నాకు తెలిసిన సాక్ష్యం ఇంతే. ఇది చాలుతుందో లేదో నాకు తెలియదు.

విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు రాశాను. అనుకున్నది ఎక్కడ ఉందో అక్కడ అనుకున్నదనే తెలిసేలా రాశాను. ఎవరూ చెప్పి రాయించలేదు. రెండుసార్లు చదివి సంతకం చేస్తున్నాను. ఇక జరగవలసినవి:

1. మొదటి కాగితంలో “వదలమని” అన్న మాట కొట్టేసి, అది అరిచిన మాటలు అరిచినట్టే రాయాలి.

2. మనవరాలి వాంగ్మూలం నేను గదిలో లేనప్పుడు తీసుకోవాలి. ఈ కాగితం దానికి చూపించకూడదు.

3. మాస్టారిని ఒక్కటే అడగాలి: ఆయన విన్న మాట “వదులు” అనా, “వదలండి” అనా.

4. రంగులేసే అతనికి తెలివి వచ్చాక అతన్నీ అదే అడగాలి. అంతకుముందు మా వాళ్లు గానీ, రేవు వాళ్లు గానీ అతని మంచం దగ్గరికి వెళ్లకూడదు. నేనూ వెళ్లను.

5. అతను “వదలండి” అని విన్నానంటే, నేను రాసినదాని పక్కన అదీ రాయాలి.