డానియేలు సారు పేరు ముంగట డాక్టర్

ఏంది సుజనా, పీహెచ్‌డీ ఫారం ముంగటేసుకొని గట్ల కూసున్నవ్? సదివేది ఒక కాలేజీల, పట్టా ఇచ్చేది ఇంకోళ్లు, ఇదేం లెక్క తాతా అంటవా? గట్లనే ఉంటది బిడ్డా. గది సమజ్ గాకనే నేనొక మనిషిని ఆగం జేసిన. డానియేలు సారని, నువ్వు పుట్టకముందే పోయిండు. హుస్సేనీ ఆలంల మా సర్కారు కాలేజీల హిస్టరీ చెప్పెటోడు. నేను గాడ అటెండర్ని, గప్పటికింకా డైలీ వేజే. సారుది కార్వాన్ బస్తీ. గా కార్వాన్ల ఎనకట నడిచిన యాపారాల మీదనే పీహెచ్‌డీ కోసం తొమ్మిదేండ్లు రాసిండు. సేట్ల ఇండ్లల్ల కూసొని ముసలోళ్లను అడిగి అడిగి రాసిండు. చాయ్‌ల చక్కెర వద్దనెటోడు, ఉప్పు బిస్కెట్ మాత్రం ఉండాలె. నేను అవి తెచ్చే బేకరీ ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణమైంది, సరే ఇడువు.

ఒకనాడు కాలేజీల సెమినార్ పెట్టిన్రు. సారు రాసిందంతా సదివి చెప్పిండు, పెద్దసార్లు ప్రశ్నలడిగిన్రు, ఆఖరికి ప్రిన్సిపాల్ లేచి చెయ్యి కలిపిండు. నేను చాయ్ కప్పులు తీస్తున్న. ఇగ అయిపాయె, మా సారు డాక్టరయిండనుకున్న. మస్తు సంబురమాయె నాకు. పురానాపూల్ కాడ పెయింటర్ ప్రకాశంతోని ‘డాక్టర్ డానియేలు’ అని బోర్డు రాయించి, తెల్లారి సారు రాకముందే ఆయన రూము తలుపుకు కొట్టిన. సారొచ్చి సూసిండు. కోపం జెయ్యలే. “ఆగయ్యా, కాలేజీ పని ఈడిదాకనే. ఇగ యూనివర్సిటీకి పంపాలె, బయటోళ్లు సదవాలె, గాడ పిలిచి అడగాలె. పట్టా ఇచ్చే హక్కు వాళ్లదే” అని, బోర్డు మొలలు ఆయనే పీకిండు.

గంతల్నే ఎవరో యూనివర్సిటీకి కాగితం రాసిన్రు. పట్టా రాకముందే డాక్టరని ఎట్ల రాసుకున్నవ్, జవాబియ్యి అని వాళ్లు సారును అడిగిన్రు. ఏం రాసిండో నాకు చెప్పలే. రిజిస్ట్రేషన్ కొట్టేసిన్రు. తొమ్మిదేండ్ల పని బీరువల వడ్డది. సారు లెక్చరర్‌గనే రిటైరై, గట్లనే పోయిండు.

పోయినంక ఇంటోళ్ల పెన్షన్ కోసం ఫైలు తీస్తే ఆ జవాబు కాపీ బయటవడ్డది. ఇంగ్లీషుల ఉండె, క్లర్కు స్వరూపమ్మ సదివి చెప్పింది. “బోర్డు నేనే రాయించుకున్న, ఇందుల ఇంకెవరికీ సంబంధం లేదు.” గంతే ఉంది. నా పేరు రాస్తే ఆయన పట్టా ఆయనకొస్తుండె, నా నౌకరి పోతుండె. ఆ కాగితం పట్టుకొని గాడనే కూలవడి ఏడ్చిన బిడ్డా. రిజిస్ట్రేషన్ కొట్టేసిన ఏడాదే నన్ను పర్మనెంట్ జేసిన్రు మరి. దూద్‌పేడాల డబ్బ పట్టుకపోయి అందరికంటె ముందు సారుకే ఇచ్చిన. రెండు తిన్నడు.

...జర ఆ ఫ్యాన్ పెంచు, మస్తు ఉడకపోస్తున్నది.