ముప్పై ఆరు కుట్ల బన్ను

ముందుగదిలో మంచం మీద ఎదురెదురుగా అక్కాచెల్లెళ్లు, మధ్యలో గోధుమరంగు ఊలు ఉండ. పెద్దామె కళ్లు మూసుకుని కూడా అల్లగలదు; చిన్నామె సూది పట్టింది నిన్ననే. చిన్నామె నాలుగేళ్ల కూతురికి జ్వరమట, లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. గోడ గడియారంలో నాలుగు దాటింది.

"విప్పెయ్."

"మళ్లీనా?"

"మళ్లీనే. ఐదో చుట్టులో ఎక్కడో కుట్టు ఎగిరిపోయింది. ముప్పై ఉండాలి."

"ముప్పయ్యే ఉన్నాయక్కా. పిన్నీసు గుచ్చిన చోటు నుంచి లెక్కపెట్టాను."

"నేను ఇరవై ఏళ్లుగా అల్లుతున్నాను. నువ్వు నిన్న మొదలెట్టావు. ఎవరి మాట చెల్లాలి?"

"నేను ఆసుపత్రి మందుల కౌంటర్లో ఆరేళ్లు మాత్రలు లెక్కపెట్టాను."

"మాత్రలు జారవు. కుట్లు జారతాయి. విప్పు."

"విప్పుతున్నాలే. గంట సేపు పడ్డ పాటు, ఒక్క లాగుడికి పోతోంది చూడు."

"ఊలే కదా. పోయినట్టు ఉంటుంది గానీ ఎక్కడికీ పోదు."

"ఇంతకీ ఇది బన్నేనా? నాకైతే కోటు గుండీలా ఉంది."

"ఈ దశలో ఏదైనా గుండీలాగే ఉంటుంది. అంచు మలుపుకొచ్చి, దూది కూరితే అదే పొంగుతుంది. పైన కళ్లూ, నవ్వే మూతీ పెట్టామంటే నీ కూతురు కొరుక్కు తింటుంది."

"కొరకదు. పాలల్లో ముంచుతుంది. దానికి బన్నంటే అంతే."

"అదేంటి, ఇంకా లేవలేదు? ఒంటిగంటకి కదా పడుకుంది."

"మందు వేశాను. మత్తుగా ఉంటుంది."

"ఒకసారి నుదురు చూసొస్తానుండు."

"అక్కా, అక్కా, ఇటు చూడు. సూదిలోంచి ఉచ్చు జారింది. మొత్తం పోతోంది, పట్టు, పట్టు."

"ఏదీ? ఇలా ఇవ్వు. అబ్బ, ఇంత బిగించేస్తే సూది ఎక్కడ దూరుతుందే? వేలు చూడు, నీలంగా కమిలిపోయింది. వదులుగా పట్టు. ఎవరో లాక్కుపోతున్నట్టు పట్టుకుంటావేం?"

"అలవాటైపోయింది."

"ఇదిగో. ఒక్కో కన్నంలో ఒకటి, ఐదో దాంట్లో మాత్రం రెండు వెయ్యి. మళ్లీ అంతే. అలా పోతూ ఉండు."

"అక్కా, ఐదో చుట్టు కదా? మూడు ఒంటివి, నాలుగో దాంట్లో జంట అని నిన్న నువ్వే చెప్పావు."

"అదే. అదే అన్నాను."

"ఐదో దాంట్లో రెండు వెయ్యమన్నావు."

"నోరు జారింది. నీ దగ్గర మాట్లాడ్డానికి కూడా పిన్నీసు పెట్టుకోవాలి."

"ఒకటి, రెండు, మూడు, జంట. ఒకటి, రెండు... నువ్వెందుకు మాటిమాటికీ గడియారం చూస్తున్నావు?"

"చూడలేదే."

"నాలుగుసార్లు చూశావు."

"మీ బావకి టీ పెట్టాలి."

"బావ ఆరున్నర దాటితే గానీ రాడుగా."

"ఇవాళ ముందొస్తానన్నాడు."

"ఒక్కడేనా?"

"ఒక్కడు కాక? మాట్లాడుతూ అల్లితే లెక్క తప్పుతావు."

"తప్పితే విప్పుదాంలే. నా ఫోను ఇంకా బాగవ్వలేదా?"

"అద్దం దొరకలేదట. రేపు ఇస్తారన్నాడు మీ బావ."

"నిన్న కూడా రేపే అన్నాడు."

"షాపు వాళ్లు తిప్పుతుంటే ఆయనేం చేస్తాడు?"

"వీధి తలుపుకి లోపల్నించి తాళం ఎందుకేశావు?"

"పిల్ల లేచి రోడ్డు మీదికి పరిగెత్తుతుందని."

"జ్వరంతో లేవలేని పిల్ల."

"అలవాటే, వదిలెయ్ ఇక."

"ఇందాక దూదికని వెళ్లినప్పుడు కూడా బయట తాళం పెట్టుకుని వెళ్లావు. పెరటి తలుపుకి కూడా."

"నువ్వు చూశావా?"

"విన్నాను. మా ఆయన రెండేళ్లు నన్ను లోపల పెట్టి, బయట తాళం వేసుకుని పనికెళ్లాడక్కా. ఏ మూల ఉన్నా నాకు తాళం చప్పుడు వినబడుతుంది."

"దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకు. నేను నీ మంచికి..."

"ముప్పై. చూసుకో."

"ఆఁ? ఏదీ. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది... ఒకటి తక్కువుంది. విప్పెయ్."

"సరే."

"సరే అంటావేం? ఇందాకట్లా వాదించవేం?"

"నువ్వేగా అన్నావు, నీ మాటే చెల్లాలని. దూది కోసం ఎంత దూరం వెళ్లావు? వీధి చివరి కొట్టుకి గంటన్నర పట్టిందా?"

"ఆ కొట్లో లేదు. బజారు దాకా నడిచాను."

"సంచిలో రసీదు వీధి చివరి కొట్టుదే ఉంది."

"నువ్వు నా సంచి కూడా వెతుకుతున్నావా?"

"దూది తీశాను, అంతే. మా హెడ్ నర్సమ్మ చెప్పిన ఉద్యోగం గుర్తుందా? వాళ్ల ఊరి ఆసుపత్రిలో. ఉండడానికి గది కూడా ఇస్తారట."

"ఉంది. పారిపోయి బతకడం గొప్పా?"

"ఇవాళే వెళ్లిపోతామని నిన్న నీకు చెప్పాను."

"బన్ను పూర్తి చేసుకుని రేపు వెళ్లు, చంటిదానికి కాస్త నెమ్మదించాక అన్నాను. తప్పేముంది?"

"తప్పేం లేదు. నేను వచ్చేసిన రోజు ఆయన ఏమన్నాడో నీకు చెప్పానా?"

"ఎన్నిసార్లు చెబుతావు?"

"ఇంకోసారి విను. 'నువ్వెక్కడికైనా పో. పాపని మా అమ్మ దగ్గర పెట్టేస్తా. అది ఎక్కడుంటే నువ్వక్కడికి పాక్కుంటూ వస్తావు, వచ్చాక నోరెత్తవు' అన్నాడు."

"కోపంలో అన్న మాట పట్టుకుని..."

"కోపంలో అనలేదక్కా. అన్నం తింటూ అన్నాడు. పెరుగు వెయ్యమని అడిగి, ఆ తర్వాత అన్నాడు."

"నీ చేతిలో ఎన్ని కుట్లున్నాయి?"

"ముప్పై. ఐదో చుట్టు అయిపోయింది. ఆరోది కూడా కానిస్తే ముప్పై ఆరు, అక్కడితో ఇక పెరగదు, పక్కకి మళ్లుతుంది. నిన్న నువ్వే చెప్పావు. ఈసారి కూడా విప్పమంటావా?"

"వద్దులే."

"మూడుసార్లు విప్పించావు. మూడుసార్లూ లెక్క సరిగ్గానే ఉంది."

"తెలిసే విప్పావా?"

"తెలిసే."

"ఎందుకే? నా మొహాన కొట్టకపోయావా, లెక్క సరిగ్గా ఉందీ అని?"

"కొడితే ఏం చేసేదానివి? ఇంకేదో తప్పు వెతికేదానివి. ఎన్నింటికి వస్తున్నాడక్కా?"

"ఎవరు?"

"నాన్చకు."

"...ఐదింటికి. మీ బావ వెంటబెట్టుకుని వస్తున్నాడు. బట్టలు సర్ది, పాపని సిద్ధంగా ఉంచమన్నాడు."

"ఎవరు చెప్పారాయనకి, మేమిక్కడున్నామని?"

"నేను చెప్పలేదు. మీ బావ చెప్పాడు. చెప్పాక మీ ఆయన నాకు ఫోన్ చేశాడు, నేను... నేను ఉంచుతానన్నాను. ఇందాక కొట్టు ముందు నిలబడి ఆ మాటే మాట్లాడాను."

"గంటన్నర."

"బతిమాలానే. ఒట్టు. పిల్లని తల్లి దగ్గర ఉండనివ్వమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆయన ఒకటే మాట. మీ బావ వెల్డింగ్ షెడ్డు ఎవరి స్థలంలో ఉందో గుర్తుందా అని. అది పోతే మేమెక్కడ? నా ఇద్దరు పిల్లలు ఎక్కడ? ఆ మాట విన్నాకే సరేనన్నాను."

"తెలుసక్కా."

"తిట్టవే నన్ను. అలా మెత్తగా మాట్లాడకు. తిట్టు."

"ఊలు ఉండ ఇటివ్వు. ఆరో చుట్టు మొదలుపెడతాను."

"నీకేమైనా పిచ్చా? ఆయన వస్తుంటే చుట్టేంటి? నాలుగు ముప్పై ఎనిమిది అయింది. ఇదిగో, ఇదిగో తాళంచెవి. పెరటి తలుపు తీస్తాను. మీ బావకి ఏం చెప్పుకోవాలో నేను చూసుకుంటాను, షెడ్డు పోతే పోయింది. పిల్లని భుజాన వేసుకుని సందులోంచి పో."

"ఎంత అయిందన్నావు?"

"నాలుగు ముప్పై ఎనిమిది. లేవవేం? లే."

"ముప్పై ఎనిమిదా. అయితే వెళ్లిపోయుంటుంది."

"ఏది?"

"నాలుగున్నర బస్సు."

"ఏ బస్సు? ఏం మాట్లాడుతున్నావే? ఆ చప్పుడేంటి... బండి ఆగింది. వీధిలో బండి ఆగింది. అనుకున్న దానికన్నా ముందొచ్చేశారు. అయ్యో, పిల్లని లేపు ముందు."

"లేపడానికేం లేదక్కా."

"తలుపు కొడుతున్నారు... వస్తున్నానండీ, ఒక్క నిమిషం... లేపడానికేం లేదంటే? పక్క మీద దుప్పటి కప్పుకుని..."

"దుప్పటి కింద దిళ్లున్నాయి. జ్వరం పొద్దున్నే తగ్గిపోయింది. నువ్వు లేచి ఆ గదిలోకి వెళ్లకుండా నీకు నాతో ఏదో పని ఉండాలిగా. నువ్వు విప్పమన్నప్పుడల్లా నాకు ఇంకో పావుగంట దొరికింది."

"ఎలా వెళ్తుందే? రెండు తలుపులకీ నేనే కదా తాళం వేసి వెళ్లింది."

"వేసే వెళ్లావు. ముందే అనుకున్నట్టు నర్సమ్మ మూడింటికి మా ఇద్దరినీ వాళ్ల ఊరి బస్సెక్కించడానికే వచ్చింది. వంటింటి కిటికీ ఊచల మధ్య నేను పట్టలేదక్కా. అది పట్టింది."