జీడితోట మీద ట్రాకు

భోగాపురంలో విమానాశ్రయం కంచె పక్కన ఆటో ఆపుకుని, ఆటోవాడూ వాడి అక్క మొగుడూ ఫోనులో రెండు కార్లు చూస్తున్నారు.

"ఎర్రదా, పసుపుదా, సెప్పు బావా. రెండూ తేలికే, రెండూ రేసు కార్లే."

"కొనీసినట్టే మాటాడతన్నావు. పసుపుదానికి టాపుంది. వానొచ్చినా రోడ్డు మీద తిరగొచ్చు."

"ఎర్రదానికి టాపూ లేదు, ఏసీ లేదు. ట్రాకు మీద గాలిలా పోతాది."

"నీకు ట్రాకెక్కడుందిరా?"

"అదిగో, కంచె లోపల. మా జీడితోట మీదేసిన రన్‌వే. ఒక్కసారి ఈ సివర నుంచి ఆ సివరకి తోలాల."

"ఇప్పుడా నేల మీదకెళ్ళాలంటే ఇమానం టిక్కెట్టు కొనాల. మీ నేలకి మీకే టిక్కెట్టు."

"టిక్కెట్టుతో ఎల్తే అద్దాల ఎనక కూకోబెడతారు. అందుకే ఎర్రది. టాపు లేకపోతే జీడిపూత వాసనొస్తాది."

"సెట్లు కొట్టేసినారు కదరా."

"నాకొస్తాది బావా. ఆ ఎర్రకారుకి రెండే సీట్లు. రెండోది అక్కకి. ఆ సెట్ల కిందే పెరిగినాది."

బావ ఫోను పక్కన పెట్టి, ఆటో టాపు అంచు పట్టుకుని ఊపి చూశాడు.

"ఒరే, ఈ ఆటో టాపు ఊడతాదా?"

"ఊడతాది. ఏటికి?"

"ఊడదీసి, ఇంటికెళ్ళి మీ అక్కనెక్కించుకో. కంచె ఎంట ఓ సుట్టు తిప్పు."

"మరి నువ్వో?"

"నేనిక్కడే దిగిపోతాన్రా. బండి తేలికవుతాది."