గంజి పెట్టిన అమెరికా నోట్లు

నా పేరు కొక్కుల ముత్యం. తండ్రి రాజమల్లు. వయసు నలభై ఏడు. సూరత్‌లో కోసాడ్ ఆవాస్ కాలనీలో ఉంటాను, మరమగ్గం నడుపుతాను. నన్నెవరూ పిలవలేదు. నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చి చెబుతున్నాను.

మా పై అంతస్తులో ఉండే బ్రహ్మచారి అనే పెద్దాయన ఒకప్పుడు నగలు చేసేవారు. ఇరవై ఏళ్లుగా పాత అమెరికా కాగితం నోట్లు కూడబెట్టారు. మొత్తం ముప్ఫై ఒకటి. నూట యాభై ఏళ్ల కిందట అక్కడి బ్యాంకులు వేసినవి. ఒక్కోదాని మీద ఎవరో అధికారి సిరాతో చేసిన సంతకం ఉండేది. ఆ సంతకం వల్లే దానికి విలువ అనేవారు. ఆదివారాలు చూపించి, నన్ను ముట్టుకోనిచ్చేవారు. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు.

2021 ఏప్రిల్ 19 ఉదయం తొమ్మిదింటికి కరోనాతో ఆయనను అంబులెన్స్‌లో తీసుకుపోయారు. మెట్ల దగ్గర ఆల్బం నా చేతిలో పెట్టి, "జర పదిలం ముత్యం" అన్నారు.

ఆల్బంకు కూడా కరోనా అంటి ఉంటుందని భయపడ్డాను. అప్పుడు పాల ప్యాకెట్లు కూడా కడిగే లోపలికి తెచ్చేవాళ్లం. మధ్యాహ్నం నోట్లన్నీ తీసి సబ్బు నీళ్లలో కడిగాను. మెత్తబడ్డాయి. చిన్నప్పటి నుంచి నూలుకు గంజి పెట్టిన చేతులు నావి. పక్కింటి సారక్కను గంజి అడిగాను. ఆమె బ్రహ్మచారి గారింట్లో పనిచేస్తుంది.

"ఏంటికి అన్నా?"

"సారు నోట్లకు."

"నోట్లకు గంజేందన్నా" అని నవ్వి గిన్నె ఇచ్చింది.

తీగ మీద ఆరేసి, ఇస్త్రీ చేశాను. కొత్త నోట్లలా పెళపెళలాడాయి. సంబరపడ్డాను. తర్వాత చూస్తే ఒక్కదాని మీదా సంతకం లేదు.

మే 11న ఆయన తిరిగొచ్చారు. మెట్లెక్కలేక గోడ పట్టుకుని, ముందు ఆల్బమే అడిగారు. "మీ అల్మారలనే పెట్టిన సారూ. తాళంచెవి సారక్కకాడ ఉండె" అన్నాను. అబద్ధం. ఆల్బం నా ట్రంకు పెట్టెలో ఉంది. మొహం చెల్లక అన్నాను.

ఆల్బం అల్మారలో లేకపోయేసరికి ఆయన సారక్క మీద ఫిర్యాదు చేశారు. నిన్న పదకొండింటి నుంచి ఐదింటిదాకా సారక్కను ఈ బెంచీ మీదే కూర్చోబెట్టారు. నేను గేటు బయట ఉన్నాను. నోట్లకని నేను గంజి అడిగిన సంగతి చెబితే సారక్క బయటపడేది. ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే మీరు నిన్ననే మా ఇంటికి వచ్చేవారు. ఆమె బయటికొచ్చి నన్ను చూసి, "పొద్దటి సంది గీడనే ఉన్నవా? అన్నం తిన్నవా అన్నా?" అంది.

తిన్నానని చెప్పాను. నిజంగానే తిన్నాను. సారక్క తినలేదు.

ఆల్బం తెచ్చి మీ బల్ల మీద పెట్టాను. సారక్క తప్పేమీ లేదు. ఇదంతా రాసి నాకు తెలుగులో చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అంతా నిజం. నాకు సంతకం చేయడం వచ్చు. చేయబుద్ధి కాక వేలిముద్ర వేస్తున్నాను.

సూరత్, 16 మే 2021
కొక్కుల ముత్యం, ఎడమ బొటనవేలి ముద్ర