అక్క పువ్వు, చెల్లెలు పువ్వు

ఏదీ, ఆ సెల్లు ఇట్ల పట్టు పాపా. ఇంకా దగ్గరికి. అబ్బ, ఇది యాడ దొరికె నీకు? పెనుకొండ కొండ కింద ఊట నేలలోనా? ఇంకా పూస్తాండాయా అవి! ఎప్పుడో ఎండిపోయింటాయి అనుకుంటి. ఇది మీ తాత పువ్వు. నవ్వొద్దు, నిజంగానే చెప్తాండా. మీ తాత రంగప్ప నాకు సొంత అన్న. నువ్వు చూసింది ఆ గోడ మీద పొటో ఒగటే గదా, మీసాలు దువ్వుకోని పోలీసోని మాదిరి. అది హిందూపురం స్టూడియోవాడు అట్ల కూచోబెట్టినాడు. మనిషి శానా మెత్తన. నోట్లో నాలుక లేదు. ఆవు దోవకు అడ్డం పండుకోనుంటే దాన్ని కూడా "కొంచెం జరుగమ్మా" అని బతిమాలుకుంటాండె.

మా అమ్మ ఆదెమ్మ ఉండాది చూడు, ఆమె దానికి ఎదురు. ఆమె మా వాకిట్లో అరిస్తే సోమందేపల్లిలో బస్సు నిలబడతాండె. శ్రావణంలో మంగళారం మంగళారం గౌరమ్మను పెట్టేది. ఆ గౌరమ్మకు మల్లెలూ వద్దు, కనకాంబరాలూ వద్దు, వానలు పడినాక కొండ కింద పూసే ఈ తెల్లపూలే కావల్ల. అవి రెండు రకాలు పాపా. రెండూ తెలుపే, రెండూ కాడ పొడుగునా వరసగా పూస్తాయి, దూరం నుంచి చూస్తే కవల పిల్లలే. పువ్వు ఎనకాల సన్నంగా తోక మాదిరి ఏలాడ్తాంటాది చూడు, అదీ గుర్తు. ఒగదానికి ఆ తోక ఇంత పొడుగు, చెవి కమ్మకు కట్టిన దారం మాదిరి. దాన్ని మా అమ్మ అక్క అంటాండె. ఇంగోదానికి తోక పొట్టి, ఆకులు పళ్ళెం పెట్టినట్ల నేలకు అతుక్కోనుంటాయి. అది చెల్లెలు. గౌరమ్మకు అక్కనే పెట్టల్ల. ఎందుకమ్మా, రెండూ పూలే గదా అని నేనంటే, "అక్క పీట మీద కూచోకముందే చెల్లెలికి ఎవురన్నా పెండ్లి చేస్తారామే?" అని నా మీదికి లేస్తాండె. ఆమెతో ఎవురు వాదించేది?

ఇంగ మీ అవ్వ నీలావతి. ఆమెది ధర్మవరం. పెండ్లి యాభై ఆరులోనో ఏడులోనో, కరువు పోయిన మరుసటేడు. టౌన్లో పెరిగిన పిల్ల, వాళ్ళ వీధి పొడుగునా మగ్గాల సప్పుడు. మా ఊర్లో ఏముండాది? శెనక్కాయ చేను, దుమ్ము, మా అమ్మ. ఇంటినిండా మనుషులు. మొగుడూ పెండ్లాం పట్టపగలు మాట్లాడుకుంటే ఆ కాలంలో అదొగ నేరం. మీ తాతకు ముందే నోరు లేదు. ఆషాఢానికి పుట్టింటికి పోయిన పిల్ల, నేను మళ్ళ పోనని కూచునె. "ఆ ఇంట్లో అత్త ఉండాది నాయనా, మొగుడే లేడు" అనిందంట. వాళ్ళ నాయన పెద్దమనిషి, ఎట్లో సర్దిచెప్పి తానే తోడొచ్చి దింపె. దింపి, మా నాయనతో వాకిట్లోనే చెప్పె. "శ్రావణం దాటకముందే వస్తా బావా. నా బిడ్డ మొగం ఇట్లే ఉంటే ఎంట తీసుకపోతా, మళ్ళ పంపను." మీ తాత కంబానికి ఆనుకోని అంతా వినె.

ఆ వారం పూలకు పోయి గంపెడు తెచ్చె. తీరా చూస్తే, అన్నీ చెల్లెండ్లే! మా అమ్మకు ఒళ్ళు మండె. "పెండ్లి చేస్తే కండ్లు పోయినాయేమిరా?" ఈయన తల గోక్కోని, "రెండూ ఒగే మాదిరి ఉండాయమ్మా" అంటాడు. మళ్ళ వారమూ అంతే. అప్పుడు మా అమ్మ, పక్కింటి ఉలిగమ్మ తెచ్చుకున్న పూలల్లో ఒగ అక్కను తీసుకోని, దాని పక్కన చెల్లెలిని పెట్టి, "ఓమ్మే నీలా, ఇట్ల రా, తేడా చెప్పు" అనె. మీ అవ్వ పోగుల మధ్యన పెరిగిన కన్ను గదా, చిటికెలో తోక చూపించె. "సరే, వీనెంట పో. ఈ గుడ్డోనికి చూపించి తీసుకరా." అత్తే పొమ్మన్యాక ఇంగ అడ్డమెవురు?

ఆడ జరిగింది మీ అవ్వే చెప్పె నాకు, ముసలామె అయినాక, కొంగు అడ్డం పెట్టుకోని నవ్వీ నవ్వీ. ఊట నేల అంటే కాలు పెడితే చీలమండ దాకా దిగుతాది. ఈయన ముందర, ఆమె ఎనకాల. "ఇది అక్కనా?" "కాదు, చెల్లెలు." "ఇదో?" "అదీ చెల్లెలే. తోక చూడు." పాపం, మొగునికి చూపు తక్కువేమో అని ఆమెకు బో జాలయ్యిందంట. జాలిపడి, పడిపోతాడేమో అని కాళ్ళ పక్క చూసె. చేయేమో పోయి పోయి చెల్లెలి మీదనే పడ్తాంది. కాలు మాత్రం ఒగ్గ అక్కను కూడా తొక్కలేదు! పొడుగు తోక ఉన్న కాడంతా, చూడకనే అడుగు పక్కకేస్తాండాడు. "కండ్లకు తెలీనిది కాళ్ళకు ఎట్ల తెలిసె?" అని అడిగె. దొంగ దొరికిపోయె. మొగమంతా ఎర్రగా చేసుకోని, అప్పుడు నోరు తెరిచినాడంట మీ తాత. "ఇంట్లో నీతో మాట్లాడేకి జాగా యాడుండాది చెప్పు? నువ్వు పోవద్దు నీలా." అంతే. ఆ రెండు మాటలకు ఎన్నాళ్ళు కూడబెట్టుకున్యాడో ఏమో.

శ్రావణం ముగిసే ముందర వాళ్ళ నాయన రానే వచ్చె. "బిడ్డ యాడమ్మా?" అంటే మా అమ్మ, "మీ అల్లునితో పూలకు పోయింది" అనె. ఆయన నమ్మలా. ఇంతలో ఇద్దురూ వస్తాండారు, కాళ్ళకు బురద, ఆమె ఏందో అంటాంటే ఈయన నవ్వుతాండాడు. నాయనను చూసి కూడా నవ్వు ఆపుకోలేకపోయె ఆ పిల్ల. ఆయన కాఫీ తాగి, కండువా దులుపుకోని, ఒగ్గమాట అడక్కుండా బస్సెక్కె. మా అమ్మ సంగతి అంటావా? శానా ఏండ్లకు నేనే అడిగితి, నిజంగా అన్నకు తెలీదామ్మా అని. "వానికా? పాలు మరవకముందే వానికి తోక పట్టుకోని చూపించింది నేను గదే. గమ్మునుండు" అనె. చూడు ఆమె యవ్వారం! తెలిసే గుడ్డోడు, గుడ్డోడు అని తిడ్తాండె. ఈయనా అంతే, ప్రతి శ్రావణంలో మరిచిపోతాండె. మీ నాయన పుట్టి, ఇస్కోలుకు పోతాండినా ఈయనకు అక్కా చెల్లెలూ తెలీదు. మీ అవ్వ ఎంట పోయి చూపించల్ల.

అరవై ఎనిమిదిలో కామెర్లు వచ్చి మీ తాత పోయె పాపా. తల ఇంకా నెరవలేదు. మనింట్లో అంత మంచోడు మళ్ళ పుట్టలేదు, మీ నాయన వింటే కూడా ఇదే మాట అంటా. ఆ శ్రావణంలో మీ అవ్వ ఒగతే కొండ కిందికి పోయి, పూలు తెచ్చి చేన్లో ఆయన సమాధి మీద పెట్టె. నేను చూస్తి. అన్నీ పొట్టి తోకవే. "వదినా, ఇవి చెల్లెండ్లు గదా, నువ్వు కూడా తప్పు తెస్తివా?" అంటి. ఆమె పూలు సర్దుతా, నా పక్క చూడకనే అనె. "తెలుసులేమ్మా. తప్పు తెస్తే చూపించేకి ఇంగొకరు తోడు రావల్ల గదా. వస్తాడేమో చూస్తాం."

...

ఆ? ఏంలే. పాలు పొంగుతాండాయి, పోయి పొయ్యి ఆపుపో.