సీతారాములు ఆపిన సర్కారు

గద్వాల నేతవీధి మొదట్లో జోగులమ్మ చాయ్ బండి. అక్కడి బల్ల మీద మద్దిలేటి తెల్లకాగితం పరిచి గంటయింది, ఒక్క అక్షరం పడలేదు. వీధి మధ్యలో కరోనా నాడు పాతిన ఇనుప కంచె ఇన్నేళ్లయినా అట్లాగే ఉంది. పొద్దున్నే వీధి పొడవునా నూలు పడుగు చాపి గంజి పట్టిస్తేనే మగ్గం మీదికి ఎక్కేది. కంచె అడ్డం రావడంతో మద్దిలేటి పడుగును రెండు ముక్కలుగా చాపి అతుకుతున్నాడు, అతికిన ప్రతి చోటా పోగు తెగుతోంది. పదకొండింటికి మున్సిపాలిటీ సారు వస్తాడు. కంచె తీయించమని అర్జీ రాయడానికి ఎదురుగా కూర్చున్న సీతారాములు వనపర్తిలో ఎప్పుడో బీఏ చదివినవాడు. కలం చేతికిస్తే ఆయనకు ముందు నోరు తెరుచుకుంటుంది.

"అర్జీ రెండు నిమిషాల పని రా. అసలు సర్కారును హద్దుల పెట్టుడు ఈ వీధికి నేర్పిందే నేను. లాక్‌డౌన్ల ఒక కానిస్టేబుల్ వచ్చి మగ్గం బంద్ చెయ్యమన్నడు. బిడ్డా, వీధి నీది, గడప నాది, ఆడనే ఆగు అన్న. సలాం కొట్టి పోయిండు."

"మంచిగన్నవ్ పెద్దయ్యా. జర రాయి ఇగ," అన్నాడు మద్దిలేటి.

"ఆగు. మరునాడేమైందో ఎరుకేనా? ఎస్సై వచ్చిండు, ఎనక పన్నెండు జీపులు. సుద్దముక్కతోని గీత గీసిన. గీత కాడికి రాంగనే పన్నెండు ఇంజన్లు ఒక్కసారే ఆగినయ్. మా కాలేజీల రాజనీతి సారు ఒకాయన ఉండె, కొత్తకోట నుంచి సైకిల్ మీద వచ్చేటోడు, దానికి బెల్లు లేకుండె, దగ్గుకుంట వచ్చేటోడు... ఏం చెప్తున్న? ఆ, ఆపదొస్తె సర్కారు చెయ్యి పొడుగైతది, ఆపద పోయినా పొట్టిగ కాదు అనేటోడు."

"ఆపదల జనమే పిలుస్తరు గద? ఆ నాడు బియ్యం ఇచ్చిందెవరు?"

"బియ్యం మూట దించి ఎనక్కి పోవాలె, ఇంట్ల కూసోవద్దు! గదే చెప్పి పంపిన. దాంతోని ఢిల్లీల పరేషాన్ అయి హెలికాప్టర్ పంపిండ్రు."

"గద్వాలకా?" జోగులమ్మ గ్లాసులు కడుగుతూనే అడిగింది.

"మన వీధికే! నా పడుగు చాపి ఉండె. రెక్కలకు పోగులు చుట్టుకొని అది గాలిపటం లెక్క ఊగుతుండె. దారం వదిలితె పైకి, గుంజితె కిందికి. సార్, మా హద్దెంతనో మీరే చెప్పుండ్రి అని పైలట్ మొత్తుకుండు. జానెడు చూపిచ్చిన. గా జానెడే ఢిల్లీల చట్టం చేసిండ్రు! కరోనా గూడ నా గీత చూసి కృష్ణల దుంకి సచ్చింది."

మద్దిలేటికి నవ్వాగలేదు. పదిన్నర అయిందన్న సంగతి కూడా ఒక్క నిమిషం మరిచాడు.

జోగులమ్మ ఆయన ముందు చాయ్ పెట్టింది. "సీతారాములన్నా, ఏ కానిస్టేబుల్ రాలే. బయటోళ్లు రోగం మోసుకొస్తుంటె పోలీసులు వస్తలేరనే నువ్వు భయపడ్తివి. ఈ బల్ల మీదనే అర్జీ రాస్తివి, మా వీధికి కంచె వెయ్యిండ్రి, పోలీసును నిలబెట్టుండ్రి అని. మొదటి సంతకం నీది. రెండోది నాది. మూడోది గీ మద్దిలేటిది."

మద్దిలేటి మెడ వంచాడు. నిజమే. కంచె దిగిన నాడు దాన్ని మోసుకొచ్చిన కూలీలకు చాయ్ పోయించింది కూడా తనే.

"అప్పుడు ధైర్యమనిపించె వదినా," అన్నాడు.

"నాకూ అనిపించె, తప్పేముంది? గాని అన్నా, గంత చదివినోనివి, కంచె ఎన్ని దినాల దాకా ఉండాలెనో అర్జీల రాసినవా?"

సీతారాములు చాయ్ ఒక గుక్క తాగాడు. కలం మూత తీసి కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"గదొక్కటి మరిచిన," అన్నాడు.