మూడో మలుపు కింద తడి

పేరు, ఇంటి చిరునామా నా మొదటి వాంగ్మూలంలో రాసినవే. వాటిలో మార్పు లేదు. మార్పు మిగతా దానిలో ఉంది. వయసు యాభై ఏడు. కార్ల పందేలు జరిగే మట్టి ట్రాక్‌ను తయారు చేయడం, చెడిపోకుండా చూసుకోవడం నా వృత్తి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అక్కడ అందరూ నన్ను మట్టి మేస్త్రీ అంటారు. ఈ రోజు, పద్దెనిమిదో తేదీ మంగళవారం, ఉదయం 9.40కి నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చాను. నన్నెవరూ పిలిపించలేదు.

పదో తేదీ సోమవారం ఇదే గదిలో, ఇదే బల్ల ముందు కూర్చుని, తొమ్మిదో తేదీ ఆదివారం జరిగిన ప్రమాదానికి కారణం ట్యాంకర్ డ్రైవరు మూడో మలుపులో నీళ్ళు ఎక్కువ పోయడమేనని చెప్పాను. అది అబద్ధం. నీళ్ళు ఎక్కువ పోయలేదు. ఆ ట్యాంకర్ డ్రైవరు నా తోడల్లుడు. నా భార్య చెల్లెలి భర్త. మా అత్తగారు బతికున్న రోజుల్లో, "పెద్దల్లుడికి మట్టి, చిన్నల్లుడికి నీళ్ళు. ఇక ఇద్దరూ కలిసి కుండలు చేసుకుని బతకండి" అని నవ్వేది. పద్నాలుగేళ్ళుగా అతను నీళ్ళు పోస్తున్నాడు, నేను మట్టి చూస్తున్నాను.

సార్ వారికి అర్థం కావడానికి పని సంగతి కొంచెం చెబుతాను. ట్రాక్ మీద ఉండేది బంకమట్టి. పందెం ఆదివారమైతే బుధవారం నుంచి నీళ్ళు పెట్టాలి. గీరి, చదును చేసి, రోలర్‌తో తొక్కించి, మళ్ళీ నీళ్ళు పెట్టాలి. తడి తక్కువైతే దుమ్ము లేచి వెనక కారుకు దారి కనపడదు. ఎక్కువైతే చక్రం దిగబడుతుంది. పైన ఎండి, లోపల తడి ఉంటే అది అన్నిటికన్నా చెడ్డది. పైకి గట్టిగా కనిపిస్తుంది. కార్లు పోయేకొద్దీ పెంకులా పగులుతుంది. అలాంటి చోటు దొరికితే గట్టి నేల తగిలేదాకా తవ్వి, తడి మట్టి మొత్తం తీసేసి, పొడి మట్టిని నాలుగు వేళ్ళ మందం చొప్పున పొరలు వేసి, ప్రతి పొరనూ తొక్కించాలి. ఒకటిన్నర రోజు పని. ఇది నాకు తెలుసు. ఈ పని నేనే పదిమందికి నేర్పాను.

ఏడో తేదీ శుక్రవారం ఉదయం 10.20కి మేము మూడో మలుపులో ఉన్నాం. మేనేజరు, రోలర్ డ్రైవరు, కంచె పనివాళ్ళు ఇద్దరు, నా తోడల్లుడు, రెండు నెలల కిందట పనిలో చేరిన ఇంజనీరమ్మ ఉన్నారు. ఆమె దగ్గర తడి కొలిచే యంత్రం ఉంది. దాని మేకులు రెండూ నేలలోకి గుచ్చి, అంకె చూసి, నా దగ్గరకు వచ్చింది.

"మేస్త్రీ గారూ, ఇక్కడ లోపల తడి బాగా ఎక్కువుందండీ. పైన కాదు, జానెడు లోతులో. కింద నీళ్ళు పోయే తూము ఏమైనా పగిలిందేమో. ఒకసారి తవ్వి చూద్దామా?"

ఆమె మర్యాదగానే అడిగింది. నా ఒక్కడికే వినపడేలా అడిగింది. నేను నలుగురికీ వినపడేలా జవాబు చెప్పాను.

"అమ్మాయ్, నువ్వు పలక పట్టుకున్నప్పటి నుంచీ నా మడమ ఈ మట్టిని చదువుతోంది. దానికి బ్యాటరీలు కూడా అక్కర్లేదు" అన్నాను. మడమతో నేలను రెండుసార్లు తొక్కి చూపించాను. "రాయి. ఇంకేం కావాలి?"

అందరూ నవ్వారు. నా తోడల్లుడు కూడా నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయింది కానీ ముఖం ఎర్రబడింది. "సరేనండీ, మీరు చూసుకోండి" అని, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం 1.10కి అందరూ భోజనాలకు వెళ్ళారు. నేను ఒక్కడినే ఇనపచువ్వ తీసుకుని మూడో మలుపుకు వెళ్ళాను. ఆమె మేకులు గుచ్చిన రెండు చిన్న కన్నాలు అలాగే ఉన్నాయి. వాటి పక్కనే చువ్వ దించాను. బలం పెట్టనక్కర్లేకుండా మూరెడు దిగింది. బయటకు తీస్తే సగానికి పైగా నల్ల బురద. ఆ బురదను నా చేతిరుమాలుతో తుడిచి, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. చుట్టుపక్కల ఎవరూ లేరు. అయినా పెట్టుకున్నాను.

టైము ఉంది సార్. శుక్రవారం మధ్యాహ్నం, శనివారం రోజంతా ఉంది. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను కూడా. సరిపోయేది. కానీ తవ్వాలంటే ఆమె చూపించిన చోటే పలుగు దించాలి. పొద్దున నవ్విన వాళ్ళే చుట్టూ నిలబడి చూస్తారు. అది తప్ప వేరే కారణం లేదు. పై వాళ్ళ ఒత్తిడి లేదు, మట్టికి కొరత లేదు, నాకు ఒంట్లో బాగానే ఉంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నా నోరు, దాని వెనక నా పంతం.

2.15కి ఎత్తు సరిచేయాలని చెప్పి రెండు ట్రక్కుల పొడి మట్టి తెప్పించి, ఆ చోట పైపైన పూడ్చాను. రోలర్ నేనే నడిపాను. రోలర్ కింద నేల పరుపులా ఊగింది. పైన గట్టిపడేదాకా నడిపాను. శనివారం ఉదయం నా తోడల్లుడితో, "మూడో మలుపులో ఒక్క చుట్టే పొయ్యి" అన్నాను.

"అదేంటన్నయ్యా, మిగతా చోట్ల మూడు చుట్లు కదా?"

"చెప్పింది చెయ్యి తమ్ముడూ."

అతను చెప్పింది చేశాడు. అతను ఎప్పుడూ చెప్పిందే చేస్తాడు.

ఆదివారం రెండో పందెం మధ్యాహ్నం 3.40కి మొదలు. పద్నాలుగు కార్లు. ఇరవై ఏడో నంబరు కారు నడిపే అతన్ని అందరం మిణుగురు అని పిలుస్తాం. మిగతా రోజుల్లో గేట్లకు, కమ్మీలకు వెల్డింగ్ చేస్తాడు. మా ట్రాక్ కంచెకు అతుకులు వేసింది కూడా అతనే. వయసు ముప్ఫై ఒకటి. పందేనికి ముందు, 3.25 ప్రాంతంలో, హెల్మెట్ చంకలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"మేస్త్రీ, మూడో మలుపు పైవైపు ఎలా ఉంది? అక్కడి నుంచి పోతే ఇద్దరిని దాటెయ్యొచ్చు."

"రాయిలా ఉంది. కళ్ళు మూసుకుని పో" అన్నాను.

ఈ మాట మొదటి వాంగ్మూలంలో లేదు. ఈ మాట విన్నవాళ్ళు ఎవరూ లేరు. అతనూ నేనూ మాత్రమే.

నేను మూడో మలుపు కంచె దగ్గర నిలబడ్డాను. మిగతా పందేలకు నేను మొదలు గీత దగ్గర నిలబడతాను. ఐదో చుట్టులో నేల మీద పళ్ళెమంత నల్ల మచ్చ లేచింది. ఏడో చుట్టుకు అది చేటంత అయింది. అంచులు పెంకుల్లా లేచాయి. నా చేతిలో వాకీటాకీ ఉంది. "ఆపండి" అని ఒక్క మాట అంటే జెండా పడేది. ఒక్కో చుట్టుకు ఇరవై రెండు సెకన్లు పడుతుంది. ఐదో చుట్టు నుంచి తొమ్మిదో చుట్టు దాకా ఎనభై ఎనిమిది సెకన్లు. అంతసేపూ నేను ఇంకొక్క చుట్టు, ఇంకొక్క చుట్టు అనుకుంటూ బటన్ మీద వేలు పెట్టుకుని నిలబడ్డాను. వేలు పెట్టాను కానీ నొక్కలేదు.

తొమ్మిదో చుట్టులో మిణుగురు కారు పైవైపు నుంచి వచ్చింది. నేను చెప్పిన దారిలోనే వచ్చింది. ముందు కుడి చక్రం గుంటలో సగానికి దిగింది. కారు మూడు పల్టీలు కొట్టి గట్టు మీద బోర్లా పడింది. అందరికన్నా ముందు ఇంజనీరమ్మ పరుగెత్తుకొచ్చింది. అతన్ని బయటకు తీసి అంబులెన్స్ ఎక్కించాక ఆమె వెనక్కు వచ్చి, ఆ గుంటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, బురద తీసి చూసింది. తర్వాత నన్ను చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే నేను ఎదురు తిట్టేవాడిని.

మిణుగురుకు నడుము దగ్గర వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. మళ్ళీ నడుస్తాడో లేదో చెప్పలేమని డాక్టర్లు అన్నారు.

సోమవారం సార్ అడిగినప్పుడు, ఇంజనీరమ్మ చెప్పిన తడిని శుక్రవారమే తవ్వి సరిచేశానని, శనివారం ట్యాంకర్ నీళ్ళతో మళ్ళీ చెడిందని చెప్పాను. నా తోడల్లుడు కాదంటాడని అనుకున్నాను. కాదంటే మాటకు మాట నడుస్తుందని, ఏదీ తేలదని అనుకున్నాను. అతను కాదనలేదు. "అన్నయ్య మట్టిని చూసి చెప్పాడంటే అదే నిజమై ఉంటుంది" అన్నాడట. శనివారం మూడో మలుపులో బండి ఆపి, భార్యతో పది నిమిషాలు ఫోనులో మాట్లాడిన సంగతి గుర్తు చేసుకుని, అప్పుడు వాల్వు కారి ఉంటుందని తానే రాయించాడు. నా అబద్ధానికి ఆధారం అతనే వెతికి ఇచ్చాడు. లైసెన్సు మీ దగ్గర పెట్టి వెళ్ళాడు.

పద్నాలుగో తేదీ శుక్రవారం సాయంత్రం నా మరదలు మా ఇంటికి వచ్చింది. వంటింటి గడప దగ్గరే నిలబడింది.

"బావా, ఆయన కుళాయి తిప్పడం లేదు. ముఖం కడుక్కోవడానికి కూడా నన్నే పొయ్యమంటున్నారు. మీరొకసారి వచ్చి చెప్పండి. మీ మాటైతే వింటారు."

"వస్తాలే" అన్నాను. వెళ్ళలేదు.

నిన్న, సోమవారం, ఉదయం 7 గంటలకు అతనే వచ్చాడు. చేతిలో చిన్న గునపం ఉంది. గడ్డం పెరిగింది.

"అన్నయ్యా, నేలకు నీళ్ళు చాలాయో లేదో ఎలా తెలుస్తుందో నాకు నేర్పు. పద్నాలుగేళ్ళూ నువ్వు చెప్పినంత పోశానే కానీ నేర్చుకోలేదు. నేర్చుకుని ఉంటే ఆ పిల్లాడు నడిచేవాడు."

నా భార్య, "వెళ్ళండి, పాపం, అంతగా అడుగుతున్నాడు" అంది.

వెళ్ళాం. ప్రమాదం జరిగిన చోటు చుట్టూ మీరు కట్టిన తాడు దాటలేదు. తాడుకు రెండు బారల ఇవతల, మూడో మలుపులోనే, కూర్చున్నాం. పైమట్టి పిడికెడు తీసి పిసికి ముద్ద చేసి, గుండె ఎత్తు నుంచి వదలమన్నాను. రెండు మూడు ముక్కలైతే సరైన తడి, పొడిపొడి అయితే చాలలేదు, పగలకపోతే ఎక్కువైంది అని చెప్పాను. అతను వదిలాడు. మూడు ముక్కలైంది. చిన్నపిల్లాడిలా నా ముఖం చూశాడు. "సరిగ్గా ఉంది" అన్నాను. లోపల కూడా చూస్తానని గునపంతో తవ్వాడు. జానెడు తవ్వేసరికి అడుగు నుంచి నీళ్ళు ఊరడం మొదలైంది. మేము చూస్తుండగానే గుంట సగం నిండింది.

"వారం నుంచి ఎండలు మండుతున్నాయి కదన్నయ్యా. నేను పోసిన నీళ్ళు ఇంకా ఉంటాయా?"

"ఉంటాయి" అంటే నమ్మేవాడు. ఆ మాట నా నోట్లో సిద్ధంగానే ఉంది. అన్నిటికన్నా నాకు సిగ్గేసేది దీనికే సార్. అంత జరిగాక కూడా ఆ మాట సిద్ధంగా ఉంది.

చెప్పేశాను. చువ్వ సంగతి, రుమాలు సంగతి, వాకీటాకీ సంగతి, మిణుగురుతో నేనన్న మాట, అన్నీ చెప్పాను. కొడతాడనుకున్నాను. అతను తవ్విన గుంటను పూడ్చి, అరచేతులతో అదిమాడు. చాలాసేపు అదిమాడు.

"మొన్న మిణుగురు వాళ్ళమ్మ దగ్గరకు వెళ్ళానన్నయ్యా" అన్నాడు. "కాళ్ళు పట్టుకున్నాను. నా తల మీద చెయ్యి వేసి, లే నాయనా, కావాలని చేశావా ఏంటి, అంది. నన్ను క్షమించింది. ఆ క్షమాపణను ఇప్పుడు నేనేం చెయ్యను? నీకిద్దామంటే ఇవ్వడానికి అది నాది కాదు. నువ్వు కావాలనే చేశావు."

గునపం అక్కడే వదిలేసి నడిచి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె విని, "మా చెల్లెలికి నేను చెప్పను. మీరే వెళ్ళి చెప్పండి" అంది. 11 గంటలకు వెళ్ళాను. నా మరదలు మొత్తం విన్నది. ఒక్కసారి కూడా బావా అనలేదు. తలుపు మెల్లగా వేసింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది. చాలాసేపు నీళ్ళు పడ్డాయి.

మిణుగురు దగ్గరకు నేనింకా వెళ్ళలేదు. ఇక్కడ రాయించాక వెళ్ళాలని అనుకున్నాను. ముందు అక్కడికి వెళితే అతను కూడా పర్వాలేదు అంటాడేమో, అది పట్టుకుని ఇక్కడికి రాకుండా ఉండిపోతానేమో అని భయపడ్డాను.

నా తోడల్లుడి లైసెన్సు తిరిగి ఇచ్చేయాలని కోరుతున్నాను. ఇంజనీరమ్మ పుస్తకంలో ఏడో తేదీన రాసుకున్న అంకె సరైనదే. ఆమె చెప్పినట్టు కింద తూము పగిలింది. తవ్వితే కనపడుతుంది. నా మొదటి వాంగ్మూలాన్ని తీసేయవద్దు. ఈ కాగితాల పక్కనే ఉంచండి.

ఇది నేను స్వయంగా చెప్పినది. ఎవరి బలవంతమూ లేదు, ఎవరి మీదా కోపమూ లేదు. చదివి వినిపించారు, విన్నాను. నేను పైపైన పూడ్చానన్న చోట, రాసిన సార్ దయతో "పొరపాటున" అనే మాట చేర్చారు. అది నేనన్న మాట కాదు. కొట్టేయించాను. ఆ కొట్టివేత పక్కన ఉన్న పొట్టి సంతకం నాదే. మిగతాదంతా నిజం.

(సంతకం)
మట్టి మేస్త్రీ
18వ తేదీ, మంగళవారం, మధ్యాహ్నం 12.05